పరాయివాళ్ల తరఫున వకాల్తా

సొదొమ మీదికి నాశనం బయల్దేరిందని తెలియగానే అబ్రాహాము బేరానికి దిగాడు. ఊళ్లో యాభైమంది మంచివాళ్లుంటే ఊరిని వదిలేస్తావా? నలభై ఐదుగురే ఉంటే? నలభై? ముప్ఫై? ఇరవై? సంతలో గేదెను బేరమాడే రైతుకున్నంత ఓపికతో సంఖ్యను పదికి దించి అక్కడ ఆగాడు. మధ్యలో ఒక మాట కూడా తగిలించాడు: లోకానికంతటికీ తీర్పు చెప్పేవాడివి, నువ్వే న్యాయం తప్పితే ఎలా అని. ఆ ఊళ్లో కాపురముంటున్నది స్వయానా తోడబుట్టినవాడి కొడుకు లోతు. అయినా బేరం మొత్తంలో లోతు పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. అడిగింది ఊరి కోసం, ముక్కూ మొహం తెలియని జనం కోసం.

పాపిని శిక్షిస్తే దేవుడి దయ ఏమైందంటారు. వదిలేస్తే న్యాయం ఏమైందంటారు. ఈ రెంటి మధ్య క్రైస్తవం రెండు వేల ఏళ్లుగా నలుగుతోంది. దీని మీద మహాసభలు జరిగాయి, పుస్తకాలు తగలబడ్డాయి, మనుషులు చెరసాలల్లో మగ్గారు. ఆ చరిత్ర తిరగేస్తున్నకొద్దీ నాకొకటి కనబడుతుంది. పండితులు తర్కంతో తలపడినప్పుడు వాదం ఉన్నచోటే గిరికీలు కొట్టింది. ఎవరో ఒకరు లేచి పరాయివాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నప్పుడే ముందుకు జరిగింది. ఒక పెద్ద మినహాయింపు ఉంది. అతని దగ్గరికి తర్వాత వస్తాను.

యూదుల గ్రంథాల్లోనే చిక్కుముడి పడింది. నిర్గమకాండంలో దేవుడు మోషేకు తన గుణగణాలు తానే చెప్పుకుంటాడు: కనికరం ఉన్నవాడు, కోపం తొందరగా రానివాడు. అదే ఊపిరిలో, దోషిని ఊరికే వదలడనీ, తండ్రుల తప్పు మూడు నాలుగు తరాల దాకా పిల్లల మీద మోపుతాడనీ కూడా. బబులోను చెరలో ఉన్న తరానికి ఈ రెండో భాగం గొంతులో ముల్లయింది. తాతలు చేసిన పాపానికి తామెందుకు పరాయి దేశంలో పడి ఏడవాలి? తండ్రులు పుల్లటి ద్రాక్షలు తింటే పిల్లల పళ్లు పులిశాయని వాళ్లలో ఒక సామెత నడిచేది. యెహెజ్కేలు ఆ సామెతను పట్టుకుని, ఇక నోట రానివ్వొద్దన్నాడు. ఎవరి పాపం వాళ్లదే, దుర్మార్గుడు చావడం దేవుడికేమీ ఇష్టం కాదు, బుద్ధి తెచ్చుకుని బతికితే చాలు అన్నాడు. ఒక ప్రవక్త ధర్మశాస్త్రంలోని మాటను ఇంత బాహాటంగా సరిదిద్దడం చిన్న సంగతి కాదు.

యోనాది తిరగేసిన గొడవ. దేవుడు శిక్షించలేదని ఆయనకు ఒళ్లుమంట. నీనెవె అష్షూరు వాళ్ల పట్నం, పగవాళ్ల పట్నం. వాళ్లు గోనెపట్టలు కట్టుకోగానే దేవుడు మనసు మార్చుకున్నాడు. తనకు నీడనిచ్చిన సొరచెట్టు వాడిపోయినందుకు అలిగి కూర్చున్న యోనాను దేవుడు అడుగుతాడు: చెట్టు కోసం నీకంత బాధైతే, కుడిఎడమలు తెలియని లక్షా ఇరవై వేలకు పైచిలుకు జనం కోసం, వాళ్ల పశువుల కోసం నాకుండదా? ఇక్కడ మనిషి న్యాయం పట్టుకుని కూర్చుంటే, వకాల్తా పుచ్చుకున్నది దేవుడే. పుస్తకం ఆ ప్రశ్నతోనే అయిపోతుంది.

పౌలు రోమా పత్రికలో ఈ రెండు కొసలనూ సిలువ దగ్గర ముడివేశాడు. దేవుడు తాను న్యాయవంతుడిగా ఉంటూనే పాపిని నీతిమంతుడిగా తీరుస్తాడన్నాడు. ఇది మన తెలుగు బైబిలు మాట. మనకు అప్పు తీర్చడం ఉంది, తీర్పు తీర్చడం ఉంది, తీర్చిదిద్దడం ఉంది. తర్వాతి కాలపు దెబ్బలాటలన్నీ ఈ ఒక్క క్రియలో ఇరుక్కున్నాయంటే అతిశయోక్తి కాదు. సిలువ మీద జరిగింది అప్పు తీరడమా, తీర్పు అమలవడమా, మనిషిని తీర్చిదిద్దే పని మొదలవడమా? గ్రీకు వాళ్లు, లాటిన్ వాళ్లు దీనికోసం వేర్వేరు పుస్తకాలు రాసుకోవాల్సి వచ్చింది.

ముడి విప్పే సులువైన దారి దాన్ని కోసేయడం. నల్ల సముద్రం ఒడ్డున సినోపె నుంచి వచ్చిన ఓడల వ్యాపారి మార్కియన్ అదే చేశాడు. పాత నిబంధన దేవుడు న్యాయం చూసే సృష్టికర్త, యేసు తండ్రి దయగల వేరే దేవుడు అన్నాడు. ఇద్దరు దేవుళ్లయితే పేచీయే లేదు. 144లో రోము సంఘం అతన్ని వెలివేసి, అతను ఇచ్చిన రెండు లక్షల సెస్టెర్సుల విరాళం కూడా తిరిగి అతని చేతిలో పెట్టేసింది. డబ్బు వాపసు చేసిన మతసంస్థ గురించి చరిత్రలో తరచుగా వినం.

అలెగ్జాండ్రియా వాడైన ఓరిజెన్ ముడిని ఓపికగా విప్పబోయాడు. తండ్రిని హింసాకాండలో పోగొట్టుకున్నవాడు, ముసలితనంలో తానూ చెరలో చిత్రహింసలు పడ్డవాడు. నరకాగ్ని వైద్యుడి చేతిలో వాతలాంటిదనీ, కాల్చేది నయం చేయడానికేననీ, చివరికి ఆత్మలన్నీ తిరిగి దేవుణ్ని చేరతాయనీ ఆశపడ్డాడు. తనను హింసించినవాళ్లకు కూడా చివర్లో చోటుంటుందని ఆశించగలిగినవాడి మాటకు నా దగ్గర విలువెక్కువ. ఆయన పోయిన మూడు శతాబ్దాలకు, 553లో కాన్‌స్టాంటినోపిల్ సభ నాటికి, ఆయన పేరు శాపాల పట్టీకెక్కింది. అదే ఆశను రాసిపెట్టిన నిస్సా గ్రెగరీని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఆయన నేటికీ పునీతుడే.

పడమటి క్రైస్తవానికి అచ్చు పోసినవాడు ఆగస్టీన్. పదహారేళ్ల వయసులో కుర్రకారుతో కలిసి పక్క తోటలో బేరికాయలు దొంగిలించి పందులకు పారబోశానని తన ఆత్మకథలో పేజీల కొద్దీ తవ్వుకున్నాడు. ఆకలేసి కాదు, అవి మంచి కాయలనీ కాదు, తప్పు చేయడంలో ఉన్న రుచి కోసం. మనిషి లోపలి నుంచే వంకరపోయాడని ఆ కాయల దగ్గర నేర్చుకున్నాడు. బ్రిటన్ నుంచి రోముకొచ్చిన సన్యాసి పెలాజియస్ దీన్ని ఒప్పుకోలేదు. చేయలేనిది చేయమని ఆజ్ఞాపించి, చేయలేదని శిక్షించేవాడు ఏం న్యాయమూర్తి అన్నది అతని ధోరణి. 418లో కార్తేజి సభ పెలాజియస్ పక్షాన్ని ఖండించింది. నిలిచింది ఆగస్టీన్ లెక్క: ఆదాము పాపం ప్రతి బిడ్డకూ పుట్టుకతోనే అంటుతుంది. మానవజాతి మొత్తం శిక్షార్హమైన ముద్ద. అందులోంచి దేవుడు కొందరిని తీసుకుంటే అది దయ, మిగతావాళ్లను వదిలేస్తే అది న్యాయం.

మరి పసిపిల్లలు? బాప్తిస్మం కాకముందే పోయిన చంటిబిడ్డ? ఆగస్టీన్ తన తర్కానికి కట్టుబడ్డాడు: ఆ బిడ్డలకూ శిక్షే, కాకపోతే అన్నిటికంటే తేలికపాటిది. ఇక్కడ లేచాడు ఎక్లానం బిషప్పు జూలియన్, దక్షిణ ఇటలీ వాడు. కన్ను తెరవని బిడ్డను శిక్షించేవాణ్ని దేవుడని ఎలా పిలుస్తావు, ఏ అనాగరికుడైన న్యాయాధికారీ చేయని పని నీ దేవుడికి అంటగడతావా అని మొహం మీదే దులిపేశాడు. బిషప్పు పదవి పోయింది, ఊరూరా తిరిగి ప్రవాసంలో పోయాడు. ఆగస్టీన్ చివరిదాకా అతనికి జవాబు రాస్తూనే ఉన్నాడు. 430లో వాండల్ సైన్యాలు హిప్పో పట్టణాన్ని చుట్టుముట్టి ఉండగా ఆయన కన్నుమూశాడు. జూలియన్ మీద రాస్తున్న పుస్తకం అసంపూర్ణంగా ఉండిపోయింది. అధికారం ఆగస్టీన్‌ను గెలిపించింది గాని, ఆ పసిపిల్లల దస్త్రం మాత్రం మూసుకోలేదు. దాని సంగతి చివర్లో.

తొమ్మిదో శతాబ్దంలో గోట్‌షాల్క్ అనే సాక్సన్ సన్యాసి ఆగస్టీన్ కన్నా ఒక అడుగు ముందుకేసి, రక్షణకు కొందరినీ నాశనానికి కొందరినీ దేవుడు ముందే నిర్ణయించాడన్నాడు. అతని జీవితం చూస్తే ఎందుకన్నాడో అర్థమవుతుంది. చిన్నతనంలోనే తల్లిదండ్రులు అతన్ని మఠానికి సమర్పించేశారు. పెద్దయ్యాక వదలమని మొరపెట్టుకున్నా పూర్తిగా వదల్లేదు. తన బతుకు తనను అడక్కుండానే ఎవరో నిర్ణయించారన్నది అతనికి సిద్ధాంతం కాదు, అనుభవం. 849లో క్యేర్సీ సభ అతన్ని కొరడాలతో కొట్టించి, తన రాతలు తన చేతే మంటల్లో వేయించింది. మిగిలిన ఇరవై ఏళ్లూ ఓవిల్యేర్ మఠంలో బందీ.

1098లో ఆన్‌సెల్మ్ వాదాన్ని అప్పుల భాషలోకి మార్చాడు. పాపమంటే దేవుడికి చెల్లించాల్సిన గౌరవం ఎగ్గొట్టడం. బాకీ అనంతం, మనిషి దివాలా. తీర్చగలిగినవాడు దేవుడు, తీర్చాల్సినవాడు మనిషి, కాబట్టి దేవుడే మనిషయ్యాడు. భూస్వాములు, సామంతులు ఉన్న కాలంలో అందరికీ వెంటనే బోధపడే లెక్క. తర్వాతి తరంలో అబెలార్డ్‌కు మాత్రం అది మింగుడుపడలేదు. నిర్దోషి రక్తాన్ని వెలగా అడిగేవాడు ఎంత క్రూరుడు అన్నాడు. సిలువ మన గుండెను కరిగించడానికి గాని, తండ్రి కోపం చల్లార్చడానికి కాదని అతని వాదం. సాన్స్ సభ అతన్నీ ఖండించింది. ఇలాంటి సభల తీర్పులు చదివీ చదివీ నాకు ఒక దురలవాటు పట్టుకుంది. ఓడినవాడి పుస్తకమే ముందు తెరుస్తాను.

ఆ మధ్యయుగాల్లో నన్ను గట్టిగా ఆపింది మాత్రం ఒక కవి. 1302లో ఫ్లోరెన్స్ పాలకులు డాంటేను అవినీతిపరుడని ముద్రవేసి, పట్టుబడితే సజీవంగా తగలబెట్టాలని తీర్పు చెప్పారు. అన్యాయపు తీర్పు రుచి ఎరిగినవాడు స్వర్గానికి వెళ్లి ఏమడగాలి? న్యాయం మాట వచ్చినప్పుడు తన సంగతి అడగలేదు. సింధు నది ఒడ్డున ఒకడు పుట్టాడు, అక్కడ క్రీస్తు గురించి చెప్పేవాడు లేడు, రాసేవాడు లేడు, వాడి నడతలో మాటలో మచ్చలేదు, బాప్తిస్మం లేకుండా చచ్చిపోయాడు, వాణ్ని శిక్షించే న్యాయం ఎక్కడిది, ఇదీ డాంటే గుండెలో రగిలిన ప్రశ్న. ఐరోపా అంచులకు కూడా అందని మన దేశపు మనిషి తరఫున పద్నాలుగో శతాబ్దపు ఇటలీలో వకాల్తా! న్యాయాత్ములైన రాజులతో ఏర్పడిన గరుడపక్షి గద్దించి నోరు మూయిస్తుంది: జానెడు చూపుతో వెయ్యి మైళ్ల అవతలి సంగతి తేల్చడానికి నువ్వెవరివని. కాని తర్వాతి సర్గలోనే ఆ గరుడుడి కంటి చుట్టూ రిఫియస్ కనిపిస్తాడు. ట్రాయ్ యుద్ధకాలపు మనిషి, క్రీస్తుకు ఎన్నో వందల ఏళ్ల ముందువాడు. వర్జిల్ కావ్యంలో రెండు మూడు పాదాలకు మించి చోటు దక్కని పాత్ర స్వర్గంలో, ఆ పాత్రను రాసిన వర్జిల్ నరకపు అంచున. గద్దింపు సిద్ధాంతానిది, రిఫియస్ కవి సొంతం.

ఇక నేను చెప్పిన మినహాయింపు లూథర్. విట్టెన్‌బర్గ్‌లో ఈ సన్యాసి పూర్తిగా తన కోసమే అడిగాడు. పాపసంకీర్తనం ఒక్కోసారి ఆరు గంటలు నడిచేదట. వినలేక గురువు స్టౌపిట్జ్ విసిగిపోయేవాడు. 'దేవుని నీతి' అన్న మాటను తాను ద్వేషించేవాణ్నని లూథర్ 1545లో, చనిపోవడానికి ఏడాది ముందు రాసుకున్నాడు. ఆ నీతి దండించే నీతి అనుకున్నంతకాలం దేవుడంటే కంపరం. అది దేవుడు మనిషికి ఇచ్చే నీతి అని రోమా పత్రికలో పట్టుబడ్డ రోజున స్వర్గం తలుపులు తెరుచుకున్నట్టయిందన్నాడు. ఒక విభక్తి అర్థం మారితే ఖండం చీలిపోయింది. నా సూత్రానికి ఈయన అడ్డం. అయితే తన కోసం అంత గట్టిగా అడిగినవాడు 1525లో ఎరాస్మస్‌కు జవాబిస్తూ, దేవుడు కొందరిని ఎందుకు వదిలేస్తాడన్న చోటికి వచ్చేసరికి, అది మన బుద్ధికి అందని మర్మమని తలుపు వేసేశాడు.

1551 అనే ఏడాది దగ్గర కాసేపు ఆగాలి. ఆ అక్టోబరులో జెనీవాలో, ఒకప్పటి సన్యాసి, వైద్యుడు బోల్సెక్ సభలో లేచి, కాల్విన్ చెప్పే నిర్ణయవాదం దేవుణ్ని నియంతను చేస్తోందన్నాడు. డిసెంబరుకల్లా అతన్ని ఊరినుంచి వెళ్లగొట్టారు. విచిత్రమేమిటంటే, ఆ నిర్ణయం భయంకరమైనదేనని కాల్విన్ తన పుస్తకంలో తానే ఒప్పుకున్నాడు. భయంకరమైనా సత్యమన్నది ఆయన పట్టు. అదే ఏడాది జపాన్‌లో యమగుచి పట్నంలో ఫ్రాన్సిస్ జేవియర్‌ను కొత్తగా క్రైస్తవులైనవాళ్లు చుట్టుముట్టి అడుగుతున్నారు: మా అమ్మానాన్నలు, తాతముత్తాతలు నరకంలో ఉన్నట్టేనా? దానధర్మాలు చేస్తే, ప్రార్థిస్తే బయటికి రారా? అంత మంచి దేవుడు మా దేశానికి ఇన్నాళ్లూ కబురెందుకు పంపలేదు? చెడు చేయకూడదన్న జ్ఞానం దేవుడు అందరి మనసుల్లోనూ పెట్టాడని చివరి ప్రశ్నకు జవాబిచ్చాడు. మొదటిదానికి మాత్రం మార్గం లేదన్నాడు. వాళ్లు ఏడ్చారు. 1552 జనవరిలో కొచ్చిన్ చేరి ఐరోపాకు రాసిన ఉత్తరంలో, వాళ్లు అలా ఏడుస్తుంటే నాకూ దుఃఖం వచ్చిందని ఒప్పుకున్నాడు. జెనీవా వాదం గ్రంథాల్లో ఉంది. నాకు మాత్రం ఆ ఉత్తరంలోని ఏడుపే ఎక్కువ బరువుగా తోస్తుంది.

తర్వాతి రెండు వందల ఏళ్ల గొడవ త్వరగా దాటేయొచ్చు. డచ్చి వాళ్లు 1618-19లో డార్ట్ సభ పెట్టి, కాల్విన్ నిర్ణయవాదాన్ని సడలించబోయిన ఆర్మీనియస్ అనుచరులను బయటికి నెట్టారు. రాజకీయం కలిసి ముసలి రాజనీతిజ్ఞుడు ఓల్డెన్‌బార్నెవెల్ట్ తల తెగింది. న్యాయశాస్త్రవేత్త గ్రోషియస్ పుస్తకాల పెట్టెలో దూరి జైలునుంచి తప్పించుకున్నాడు. 1741 జూలై 8న ఇప్పటి కనెక్టికట్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో జోనథన్ ఎడ్వర్డ్స్ ప్రసంగించాడు. కోపించిన దేవుడి చేతిలో పాపి నిప్పుల మీద వేలాడే సాలీడు అన్నాడు. జనం కేకలు పెట్టి ఏడుస్తుంటే, వినబడటంలేదు నిశ్శబ్దంగా ఉండమని మధ్యలో ఆపి అడగాల్సి వచ్చింది. ఇదే ఎడ్వర్డ్స్ అంతకు పదేళ్ల ముందు న్యూపోర్టులో పద్నాలుగేళ్ల వీనస్ అనే నల్లపిల్లను 80 పౌండ్లిచ్చి కొనుక్కున్నాడు. రసీదు ఇప్పటికీ ఉంది. ఆ పిల్ల తరఫున ఆ సభలో ఎవరూ లేవలేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో ప్రశ్న వలసదేశాల నుంచి తిరిగి ఇంగ్లండు గుమ్మం తట్టింది. నిత్యనరకాన్ని శంకించినందుకు 1853లో లండన్ కింగ్స్ కాలేజీ తన ఆచార్యుడు మారిస్‌ను పంపించేసింది. దక్షిణాఫ్రికాలో నటాల్ బిషప్పు కొలెన్సో, జూలూల మధ్య ఉండి 1861లో రోమా పత్రికకు వ్యాఖ్య రాస్తూ, సువార్త వినని జనమంతా నిత్యం కాలుతారన్న బోధను కొట్టేశాడు. బోధించడానికి వెళ్లిన బిషప్పుకు జూలూ సహాయకుడు వేసిన ప్రశ్నలే పాఠాలయ్యాయి. కేప్‌టౌన్ పెద్దలు 1863లో ఆయన పదవి పీకేశారు.

మన నేల మీద ఈ వాదం వేరే వాసన పట్టింది. ఒంగోలు ప్రాంతపు మాదిగపల్లెలకు తరతరాలుగా చెప్పిన మాట ఒకటే: పూర్వజన్మ పాపం, అనుభవించాలి. ఎవరి పాపం వాళ్లదే, పోయిన జన్మ లెక్కలేవీ లేవు, పశ్చాత్తాపపడితే ఈ జన్మలోనే కొత్త మనిషివి అన్న మాట ఆ చెవులకు ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోండి. యెహెజ్కేలు ద్రాక్షల సామెతను కొట్టేసినట్టే. కరువులో గింజల కోసం వస్తున్నారన్న నింద పడకూడదని మిషనరీ క్లౌ బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. తిరిగి మొదలుపెట్టాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది పుచ్చుకున్నారు. పూర్వజన్మ పాపాన్ని నదిలో వదిలి ఒడ్డెక్కితే అక్కడ ఆదాము తాలూకు జన్మపాపం కాచుకుని ఉందన్నది వేరే కథ. ఆ చిక్కు ఇంకా తేలలేదు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి జాషువా 1941లో తన కావ్యనాయకుడి మొర గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి పంపడం నాకెప్పుడూ ఆలోచన రేపే విషయం. ఎవరి కోర్టులో దావా వేయాలో ఆయనకు బాగా తెలుసు.

చాలా ఏళ్ల కిందట మా వైపు ఒక జ్ఞాపకార్థ కూడికలో భోజనాలయ్యాక ఒక ముసలమ్మ అయ్యగారి పక్కన చతికిలబడింది. "అయ్యగారూ, మా అత్త ఏసు పేరే వినకుండా పోయింది. నన్ను కన్నకూతురికంటే ఎక్కువ చూసుకుంది. ఆమె సంగతేంటి?" ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని, "ప్రార్థన చేద్దామమ్మా" అన్నారు. "చేద్దాంలెండి. ముందు ఇది చెప్పండి" అంది. యమగుచి పేరు ఆమె విని ఉండదు.

ఇరవయ్యో శతాబ్దంలో కార్ల్ బార్త్ కాల్విన్ లెక్కను లోపలి నుంచి తిరగేశాడు. ఎన్నికైనవాడూ క్రీస్తే, తోసివేయబడ్డవాడూ క్రీస్తే. న్యాయమూర్తే బోనెక్కి మన బదులు తీర్పు పొందాడు. వేల పేజీల గ్రంథం రాసినవాడు ముసలితనంలో ఎక్కువగా బోధించింది బాసెల్ జైల్లో ఖైదీలకు. ఒక శుభశుక్రవారంనాడు, యేసు పక్కన సిలువెక్కిన ఇద్దరు నేరస్థులే మొట్టమొదటి క్రైస్తవ సంఘమని వాళ్లకు చెప్పాడు. 1964లో రెండో వాటికన్ సభ, తమ తప్పు లేకుండా సువార్త ఎరగనివాళ్లు మనస్సాక్షి ప్రకారం నడిస్తే రక్షణ పొందగలరని రాసింది. సింధు ఒడ్డున డాంటే నిలబెట్టిన మనిషికి ఆరు వందల ఏళ్లు దాటాక జవాబొచ్చింది.

పసిపిల్లల దస్త్రం ఇంకా ఆలస్యమైంది. ఆగస్టీన్ చెప్పిన తేలికపాటి శిక్షను మధ్యయుగాల్లో మరింత పలచన చేసి, బాధా లేని దైవదర్శనమూ లేని లింబో అన్నారు. 2007లో వాటికన్ వేదాంత సంఘం ఒక పత్రం వెలువరించి, జ్ఞానస్నానం కాకుండా పోయిన బిడ్డలు రక్షణ పొందుతారని ఆశించడానికి గట్టి ఆధారాలున్నాయంది. కచ్చితంగా తెలుసనలేదు, ఆశించవచ్చంది. జూలియన్ పోయి అప్పటికి పదిహేను వందల ఏళ్లు.

ఐర్లండు పల్లెల్లో ఊరి పొలిమేరల్లో, పాడుబడ్డ చర్చిగోడల పక్కన, సముద్రపు ఒడ్డున చిన్న చిన్న నేలచెక్కలుంటాయి. కిలీన్లంటారు. జ్ఞానస్నానం కాని పసికందులకు పవిత్రభూమిలో చోటు లేదని, ఇరవయ్యో శతాబ్దం మధ్యదాకా వాళ్లను అక్కడ పూడ్చేవాళ్లు. చాలాచోట్ల ఆ పని తండ్రిదే. చీకటిపడ్డాక చిన్న పెట్టె చంకన పెట్టుకుని వెళ్లేవాడు. వెంట పాదిరి ఉండడు, మంత్రం ఉండదు. గుర్తుకు పొలంలో దొరికిన రాయొకటి నిలబెట్టి ఇంటికి వచ్చేవాడు. ఆ రాళ్ల మీద పేర్లు లేవు.